కంపన నిదానము

ఇంగ్లండునందలి అబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు నిర్మింపబడి, ఐదు లక్షలకు మించిన సంఖ్యలో లోకమెల్ల వ్యాపించిన ఎమ్‌జీబీ యను స్పోర్ట్స్ కారును ప్రాణపదముగ కాపాడుకొనుచున్నవారు ఆ దేశమున నేటికిని పెక్కుమంది కలరు. వారిలో చాలమందికి ఎప్పుడో యొకప్పుడు ఎదురగు చిక్కు ఒకటున్నది. ఊరి వీథులలో నిమ్మళముగ సాగు బండి, మోటార్‌వే నెక్కి గంటకు 60 మైళ్లను సమీపించుసరికి స్టీరింగు చేతిలో సన్నగా వణకనారంభించును. మరికొంత వేగము హెచ్చగానే అద్దమునందలి ప్రతిబింబము చెదరును. 70 దాటినపిదప ఒక్కొక్కప్పుడు ఆ వణకు దానంతటదియే అణగిపోవును. టైరు మార్చుమని యొకరు, బేరింగు మార్చుమని మరియొకరు సలహా చెప్పుదురు. అయితే ఏ వస్తువును విప్పకముందే, వణకు ఎక్కడ పుట్టుచున్నదో తర్కముచేతను, స్పర్శచేతను తేల్చుకొను విద్య యొకటి పాత మెకానిక్కులనుండి నేటి అభిమానులకు పరంపరగా సంక్రమించినది. ఆ విద్య కారుకంటెను విలువైనదని నా విశ్వాసము.

ఈ కారు వెలువడునాటికి ఎమ్1 మోటార్‌వే ప్రారంభమై మూడేండ్లే యైనది. 70 మైళ్ల పరిమితి 1965 డిసెంబరులో తాత్కాలికముగ వచ్చి, 1967లో స్థిరపడినది. అసమతౌల్యమువలన పుట్టు బలము వేగమునుబట్టి కాక, వేగపు వర్గమునుబట్టి పెరుగును గనుక, ఏకధాటిగా సాగు అట్టి ప్రయాణములందే చక్రములోని సూక్ష్మదోషము బయటపడును. 14 అంగుళముల రిమ్ము అంచున ఒకవైపు 30 గ్రాముల బరువు అధికమైనచో, 35 మైళ్ల వేగమున అది చక్రమును లాగు బలము కిలోన్నర బరువుపాటిది. 70 మైళ్లకడ అదే ఆరు కిలోలకు చేరువగును. పైగా, స్ప్రింగునకును టైరునకును నడుమనున్న చక్రమునకు, సెకనుకు 10 మొదలు 15 సార్ల ప్రాంతమున, తనదైన సహజకంపన మొకటి కలదు. 60 మైళ్ల వేగమున చక్రము సెకనుకు రమారమి 14 సార్లు తిరుగును. ఆ రెండును కలిసినచోట అనునాదము పుట్టి వణకు విజృంభించును. వేగము దానిని దాటిపోయిన వెనుక తగ్గును. తగ్గినంతమాత్రమున దోషము పోయినదని భ్రమింపరాదు.

వేగమున పుట్టు వణకు ఏదో తిరుగుచున్న వస్తువుది యై యుండవలెను; తిరుగు వస్తువులన్నియు ఒకే వేగమున తిరుగవు. ఈ రెండు మాటలలో విద్య యంతయు ఇమిడియున్నది. 70 మైళ్లకడ చక్రములు సెకనుకు 16 సార్లకు మించి తిరుగుచుండగా, వెనుక యాక్సిలునకు శక్తిని చేర్చు ప్రొపెల్లర్ షాఫ్టు దానికి ఇంచుమించు నాలుగు రెట్లు, అనగా 65 సార్లు తిరుగును. నాల్గవ గేరున ఇంజను వేగమును షాఫ్టు వేగమును ఒక్కటే. చక్రపు వణకు షాఫ్టు వణకుకంటె నెమ్మదిగా, చేతికి ఊపుగ తోచును. షాఫ్టు వణకు సీటుక్రింద జుమ్మను నాదముగ వినవచ్చును. మరి షాఫ్టును ఇంజనునుండి వేరుచేయుట యెట్లు? బండి వేగము తగ్గకుండ ఇంజను వేగమును తగ్గించు ఓవర్‌డ్రైవ్ అమర్చిన ఎమ్‌జీబీలో దీనికి చక్కని ఉపాయము కలదు. 70 మైళ్ల వేగమును చెదరనీయక స్విచ్చి వేసినంతనే ఇంజను వేగము నిమిషమునకు 3,900 నుండి 3,200 ప్రాంతమునకు దిగును. షాఫ్టును చక్రములును మాత్రము యథాప్రకారము తిరుగుచుండును. వణకు మారినచో ఇంజనువైపును, మారనిచో దాని వెనుకనున్నవానిని అనుమానింపవలెను. ఒక్క పానా నైనను ముట్టకుండ, ఒక్క వ్రేలి కదలికతో సగము కారును నిర్దోషియని తేల్చు ఈ పరీక్షను ఎంత మెచ్చుకొన్నను తక్కువే.

వణకు స్టీరింగునందు మిక్కుటముగ తోచినచో ముందు చక్రములను, సీటునందు తోచినచో వెనుక చక్రములను మొదట చూచుట వాడుక. ముందువానిని వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్చి అదే రహదారిపై నడిపినపుడు, వణకు చక్రముల వెంట పోయినచో దోషము చక్రములందే యున్నది. ఉన్నచోటనే నిలిచినచో హబ్బును, బేరింగును, కింగ్‌పిన్నును చూడవలెను. చలికాలమంతయు షెడ్డులో కదలక నిలిచిన కారు టైర్లు నేల తాకినచోట చదునుపడి, కొన్ని మైళ్లు నడిచి వేడెక్కినపిదప గుండ్రదనమును తిరిగి పొందుట కూడ కలదు గనుక, తొలి మైళ్ల వణకునుబట్టి తీర్పు చెప్పరాదు.

స్పోకుల చక్రములున్న కారైనచో పరీక్ష మరింత సునిశితమగును. 60 స్పోకులు రిమ్మును నలుదిక్కుల లాగిపట్టుటచేతనే ఆ చక్రము గుండ్రముగ నిలుచును. స్పోకును చిన్న పానాతో తట్టినపుడు బిగువుగలది శ్రుతిచేసిన వీణతంత్రివలె పలుకును. సడలినది మందముగ చప్పుడగును. జాకీపై లేపిన చక్రమును మెల్లగా త్రిప్పుచు, రిమ్మునకు చేరువగా సుద్దముక్కను కదలకుండ పట్టినచో, ఉబ్బినచోటనే సుద్ద గీత పడును. పక్కవాటున చూచినట్లే పైవాటునను చూడవలెను. ఒకటిరెండు మిల్లీమీటర్ల వంకర చాలును. ఇంకొక మర్మమున్నది. ఈ చక్రము బోల్టులతో గాక, పండ్లుగల హబ్బుపైకి ఎక్కి, లోపలను వెలుపలను వాలుగా చెక్కిన రెండు పీఠములపై కుదురుకొని, నడుమ నొక పెద్ద నట్టుచే బిగింపబడును. సాధారణపు బ్యాలెన్సింగు యంత్రము దానిని ఆ పీఠములపై కాక వేరొక అంచున పట్టుకొనుటచే, యంత్రముపై సమతూకమున నిలిచిన చక్రమే కారుకెక్కగానే వణకును. తగిన శంకువులున్న యంత్రము నడుగక బ్యాలెన్సింగు చేయించుకొన్నవారు డబ్బును కాలమును పోగొట్టుకొందురు. పీఠమున తుప్పుపెళ్ల యొకటి మిగిలినను అంతే. సహాయకుడు బ్రేకు త్రొక్కిపట్టగా చక్రమును ముందునకు వెనుకకు కదిలించి చూచినపుడు టక్కున ఆడినచో హబ్బు పండ్లు అరిగినవని అర్థము. అరిగిన హబ్బుపై క్రొత్త చక్రము నెక్కించుట క్రొత్తదానిని కూడ చెరచుటయే.

ప్రొపెల్లర్ షాఫ్టు విషయము కొంత క్లుప్తముగ చెప్పవచ్చును. దాని రెండు కొనలను యూనివర్సల్ జాయింట్లు కలవు. 17వ శతాబ్దపు రాబర్ట్ హుక్ పేర ప్రసిద్ధమైన ఈ కీలు, వంగిన స్థితిలో ప్రతి భ్రమణమునందును రెండు మారులు వేగమును హెచ్చించి తగ్గించును. ఆ హెచ్చుతగ్గులను రెండవ కీలు సరిచేయవలెనన్నచో షాఫ్టు రెండు కొనల చీలికలును ఒకే తలమున నిలువవలెను. జారుడు భాగమును విప్పి ఒక్క పన్ను తప్పించి బిగించినను వణకు తప్పదు. గనుకనే అనుభవజ్ఞులు విప్పకమునుపే గుర్తు గీసికొందురు. యాక్సిలరేటరు వదలగానే సీటుక్రింది జుమ్మను నాదపు తీరు మారినచో కీలు అరిగినదేమోనని శంకింపవచ్చును.

ఒక మారు ఒక్కదానినే మార్చి చూడవలెనను నియమమును తొందరపాటువారు మొదట విడుతురు. నాలుగు టైర్లును, రెండు బేరింగులును, షాఫ్టును ఒకే దినమున మార్చినవానికి వణకు పోయినను కారణము తెలియదు. పోకున్నచో మొదటికే వచ్చును. కనుక ఏ పని చేసినపిదపనైనను, నేలకంటని చక్రమున నట్టును బిగించి, కొలది మైళ్లు నడిపి మరల బిగువు చూచి, అదే రహదారిపై, అవే టైరు పీడనములతో, అదే వేగమున, ఓవర్‌డ్రైవ్ వేసియు తీసియు ఒకసారి నడిపి చూడవలెను; ఆ పిమ్మటనే రెండవ అనుమానమునకు చేయి సాచవలెను.