కోడు పరీక్షకు సాధనము నెన్నుకొనుట

ప్రోగ్రాముల కోడును తానే చదివి తప్పులు చూపు సాధనములు నేడు అనేకము లభించుచున్నవి. వాని ప్రకటనలలో ఎన్ని నియమములు కలవు, ఎన్ని భాషలు తెలియును అను పట్టికలే ప్రధానము. ఎన్నికకు ఈ కొలత చాలదు.

ఈ జాతి సాధనములలో పేరుపొందిన తొలి సాధనము "లింట్". 1978లో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ సి భాషకై దీనిని రచించెను. లింట్ అనగా బట్టకు అంటుకొను నూగు. మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పాఠకులకు ఈ పోలిక సులభముగా బోధపడును. కొన్ని మరమగ్గములలో ప్రతి పడుగుపోగు మీద ఒక సన్నని లోహపు రేకు వ్రేలాడుచుండును. పోగు తెగినచో రేకు జారును, మగ్గము ఆగును. కాని అంచున ఎరుపునకు మారుగా పసుపు పడినచో ఆ రేకునకు తెలియదు. కోడు పరీక్షించు సాధనము కూడ అట్టిదే; తనకు నేర్పిన తప్పునే పట్టగలదు.

దీనికి గణితమే సాక్ష్యము. ప్రోగ్రాముల నడవడికి సంబంధించిన ఏ ముఖ్య ప్రశ్నకైనను, అన్ని ప్రోగ్రాముల విషయములోను తప్పక సరియైన జవాబిచ్చు పద్ధతి ఉండజాలదని 1953లో హెన్రీ రైస్ ప్రకటించిన సిద్ధాంతము తేల్చినది. కావున సాధనము కొన్ని తప్పులను వదలును, లేదా లేని తప్పులను చూపును, లేదా ఏమియు తేల్చక ఊరకుండును.

లేని తప్పులను పదే పదే చూపినచో "నాన్నా, పులి" కథయే జరుగును. హెచ్చరిక వచ్చు సమయము కూడ ముఖ్యము. ఫేస్‌బుక్ సంస్థవారు తమ "ఇన్‌ఫర్" సాధనముతో రాత్రివేళ కోడంతయు పరీక్షించి జాబితా ఇచ్చినపుడు సరిదిద్దినవారు దాదాపు లేరు. కోడు మార్చుచున్న సమయముననే చూపినపుడు నూటికి 70కి పైగా సరిదిద్దబడినవని 2019లో వారు వెల్లడించిరి. మారినది సాధనము కాదు, వేళ!

మన భాషకు సంబంధించిన సంగతి మరియొకటి కలదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను తెలుగు అక్షరము, నడుమ ఒక కనిపించని సంకేతముతో కూడి వచ్చినపుడు, ఐఫోనులలో దానిని చూపబోయిన అప్లికేషనులు కూలిపోయినవి. ఆపిల్ సంస్థ అదే నెల 19న సవరణ నిచ్చినది. మన కంటికి ఒక అక్షరమైన "జ్ఞా" యూనికోడులో 4 సంకేతములు. యుటిఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. ఒక సంకేతమే ఒక అక్షరమని తలచి వ్రాసిన కోడు, పేరును నడుమ ఖండించి చెరుపగలదు. అట్టి కోడులో వ్యాకరణ దోషము లేదు. కావున సామాన్య నియమములు దానిని పట్టుకొనునని నమ్మరాదు.

అందుచేత కొనుటకు ముందు ఒక పని చేయవలెను. తమ సంస్థలో పూర్వము బయటపడిన తప్పులను, సరిదిద్దక మునుపటి కోడుతో సహా, సాధనము ముందుంచవలెను. ఎన్నింటిని పట్టినది, చూపిన నూరింటిలో ఎన్ని నిజమైనవి, ఎప్పుడు చూపినది అని లెక్కింపవలెను. సెమ్‌గ్రెప్, ఈఎస్‌లింట్ వలె సొంత నియమములు చేర్చు వీలున్నదా యని చూడవలెను. తెలుగు పేర్లు చేరు ప్రోగ్రాములకు ఆ వీలు లేని సాధనము, ఎన్ని వేల నియమములున్నను, సగము పరీక్షయే చేయును. ఆ తప్పు భారము మోయునది కోడు వ్రాసినవాడు కాదు, తన పేరు తెరపై చెడిపోయి కనిపించిన వినియోగదారుడు.