తెగదెంపుల లెక్క

ఫోన్‌లో విడాకులు అన్న మాట ఒక్కసారి వెతికితే చాలు, ఆ వెనకే వరసగా ప్రకటనలు దిగుతాయి: త్వరగా విడాకులు, సెలవు పెట్టక్కర్లేదు, ఒక్క ప్యాకేజీలో అన్నీ. ఈ వారం నన్ను చికాకు పెట్టింది ఆ ప్యాకేజీ అన్న మాటే. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు జీతాన్ని ప్యాకేజీ అంటారు, పెళ్ళి ఏర్పాట్లనూ ప్యాకేజీ అంటారు. ఇప్పుడు ఆ పెళ్ళి తెంచుకోవడమూ ప్యాకేజీయే అయింది. న్యాయవాది తన పని కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం చెబుతోంది. బాధలో ఉన్న మనిషికి సరుకు అమ్మినట్టు న్యాయం అమ్మకూడదన్నది దాని వెనకున్న మర్యాద అని నేను అనుకుంటాను. ఈ శీర్షిక పాత పాఠకులకు నా పట్టుదలలు రెండూ తెలుసు: తొందరలో పెట్టిన సంతకం మీద నాకు నమ్మకం లేదు, నోటిమాట మీద అసలే లేదు. అద్దె అగ్రిమెంటు గురించి రాసినా, వీలునామా గురించి రాసినా చివరికి అక్కడికే వచ్చాను. అందుకే ఈసారి ఆరు నెలలు ఆగమనే చట్టం పక్షాన నిలబడి రాయాలనుకున్నాను.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చినప్పుడు అందులో పరస్పర అంగీకార విడాకులు లేవు. చట్టం రాసిన కారణాల్లో ఏదో ఒకటి అవతలివారి మీద మోపి, రుజువు చేసి బయటపడాల్సిందే. ఇద్దరూ కలిసి వచ్చి మాకు కుదరదని చెప్పుకునే దారి 1976 సవరణతో, 13-బి సెక్షన్‌గా వచ్చింది. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇల్లు తీసుకోవాలని కాదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా కాపురం లేకపోతే అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఈఎంఐ భారంతో ఒకే ఫ్లాటులో రెండు గదుల్లో బతుకుతున్న జంటలకు ఇది తెలియాల్సిన మాట. పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు గడవాలి, పద్దెనిమిది నెలలు దాటకుండా మళ్ళీ కలిసి వెళ్ళి అడగాలి. ఈలోపు ఎవరి మనసు మారినా, డిక్రీ వచ్చేదాకా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఇక ఏ కోర్టన్నది: పెళ్ళి జరిగిన ఊరు, ఆఖరున కలిసి ఉన్న చోటు, అవతలివారు ఉంటున్న చోటు, 2003 సవరణ తర్వాత భార్యే పిటిషనర్ అయితే ఆమె ఉంటున్న చోటు. గుంటూరులో పెళ్ళయి హైదరాబాద్‌లో కాపురం పెట్టినవారికి ఎంచుకునే వీలుందన్నమాట. అడ్రసును బట్టి అది పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టు కావచ్చు, ఎల్బీ నగర్ కావచ్చు, కూకట్‌పల్లి కావచ్చు.

ఈ ఆరు నెలల వ్యవధి ఎందుకో అర్థం కావాలంటే మన ఊళ్ళ పంచాయతీ దగ్గరికి వెళ్ళాలి. విడాకులు కోర్టులతోనే వచ్చాయనుకోవడం పొరపాటు. తెగదెంపులు అన్న మాట మన నోళ్ళలో ఎప్పటినుంచో ఉంది. చాలా కులాల్లో పెద్దమనుషుల ముందు కూర్చుని, పెట్టిన బంగారం ఎంత, తెచ్చిన సారె ఏమిటి, బిడ్డ ఎవరి దగ్గర, చేతికి ఇచ్చేదెంత అని తేల్చుకుని విడిపోయేవారు. లెక్క తేల్చడమే ఆ పంచాయతీలో ప్రధానమైన పని. ఆడపిల్ల తరఫున గట్టిగా మాట్లాడే పెద్ద లేకపోతే ఆ లెక్క అన్యాయంగా తేలేది, అది నిజం. ఆంధ్ర జిల్లాలు అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1949లో, హిందువుల విడాకులకు అక్కడ చట్టం వచ్చింది. 1955 చట్టం కూడా ఆచారపు విడాకులను కొట్టేయలేదు, 29వ సెక్షన్‌లో వాటికి చోటిచ్చింది. అయితే ఆ కులంలో ఆ ఆచారం ఉందని కోర్టులో చెప్పి, రుజువు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. ఆ ఆచారం లేనివాళ్ళు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ ముద్ర వేయించుకుంటే పెళ్ళి రద్దు కాదు. దాన్ని నమ్మి మరో పెళ్ళి చేసుకుంటే అది నేరమవుతుంది. అలాంటి కాగితం చాలనుకునేవాళ్ళు పల్లెల్లోనే కాదు, అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళలోనూ ఉన్నారు. పంచాయతీ నుంచి కాగితం తెచ్చుకుని లెక్కను అక్కడే వదిలేశాం మనం.

సముద్రం దాటినవాళ్ళ సంగతీ ఇంతే. తిరుపతిలో 1975లో పెళ్ళి చేసుకున్న ఒక జంట కేసు న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, దాని ముందుకు వెళ్ళలేదు. అక్కడ విడాకులిచ్చిన కారణం, అంటే పెళ్ళి ఇక అతకనంతగా చెడిపోయిందన్నది, మన చట్టంలో లేదు. ఆ డిక్రీని ఇక్కడ గుర్తించేది లేదని సుప్రీంకోర్టు 1991 జులైలో తీర్పిచ్చింది. ఈనాటికీ ఆ కారణం మీద విడాకులివ్వగలిగేది రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద ఒక్క సుప్రీంకోర్టే. 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఆ అధికారం గురించే, ఫ్యామిలీ కోర్టుల గురించి కాదు. ఆ తిరుపతి జంట కేసు పక్కన పెట్టి చదవాల్సిన కేసు 2024 ఆగస్టులో వచ్చింది, అదీ తెలంగాణ నుంచే. 1999లో పెళ్ళయి అమెరికాలో స్థిరపడిన జంట 2016లో అక్కడే విడిపోయింది. ఆస్తుల పంపకమంతా ఒప్పంద పత్రంలో రాసుకుంది. కొన్నేళ్ళకు అమ్మాయి తండ్రి, పెళ్ళిలో పెట్టిన బంగారం తిరిగివ్వలేదని అబ్బాయి తల్లిదండ్రుల మీద కేసు పెట్టాడు. స్త్రీధనం పూర్తిగా ఆమెదే, ఆమె అడగమనకుండా తండ్రికైనా అడిగే హక్కు లేదని కోర్టు కేసు కొట్టేసింది. మొదటి కేసులో వేగంగా తెచ్చుకున్న కాగితం పనికిరాకుండా పోయింది. రెండో కేసులో విడిపోయిన రోజునే రాసి ముగించిన లెక్క అన్నేళ్ళ తర్వాత కూడా నిలబడింది.

ఇప్పుడు లాయరు దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో కాగితాలు చూసే సొలిసిటరు వేరు, కోర్టులో వాదించే బారిస్టరు వేరు. 1961 అడ్వకేట్స్ చట్టం తర్వాత మనకు ఆ రెండు పనులూ ఒక్కరివే. క్లయింటు కళ్ళకు మాత్రం కోర్టులో లేచి మాట్లాడే సగమే కనిపిస్తుంది, దాన్ని చూసే లాయరును ఎంచుకుంటాడు. ఒప్పంద విడాకుల్లో నిజంగా కావాల్సింది రెండో సగం, ఆఫీసులో కూర్చుని రాసే సగం. ఐటీ జంటల ఆస్తి పాతకాలపు ఎకరాల్లాంటిది కాదు. కంపెనీ ఇచ్చిన షేర్లలో కొన్ని చేతికి వచ్చి ఉంటాయి, కొన్ని వచ్చే రెండేళ్ళలో రావాలి, వాటిలో ఎవరికెంత? ఫ్లాటు ఒకరి పేరున, లోను ఇద్దరి పేరున ఉంటే, డిక్రీ వచ్చినంత మాత్రాన బ్యాంకు రెండో సంతకాన్ని వదలదు. విడాకులైతే ఆస్తి చెరి సగం అనే చట్టం మనకు లేదు. రిజిస్ట్రేషన్ ఒకరి పేరున ఉండి, ఈఎంఐ రెండోవారు కట్టి ఉంటే ఆ డబ్బు సంగతి రాసుకోవాల్సిందే. పీఎఫ్ నామినీ, కంపెనీ ఆరోగ్య బీమా, డిపెండెంట్ వీసా మీద ఉన్నవారి గడువు, లాకరు తాళం, బిడ్డ పాస్‌పోర్టు మీద సంతకం, స్కూలు ఫీజు ఏటా పెరిగితే పెరిగిన భాగం ఎవరిది. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక నమూనా ఇచ్చింది. ఒప్పంద విడాకులకూ అదే నమూనా ముందు పెట్టుకుని నింపమంటాను. లాయరుతో చెప్పిన మాటను భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ కాపాడుతుంది. చట్టవిరుద్ధమైన పనికి సాయం అడిగితే తప్ప. అందువల్ల తనకు నష్టం చేసే నిజాన్నే ముందు చెప్పాలి. దంపతులు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన ఫోను మాటలు కూడా సాక్ష్యంగా చెల్లుతాయని 2025 జులైలో తీర్పు వచ్చింది. మీ లాయరు మీ వాట్సాప్ సంగతి అవతలి లాయరు నోటి నుంచి మొదటిసారి వినకూడదు.

లాయరు వస్తే మంట పెరుగుతుందని ఒక అభ్యంతరం ఉంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం రాసినవారి భయమూ అదే. 13వ సెక్షన్‌లో, లాయరును పెట్టుకోవడం హక్కు కాదన్నారు. ముందు రాజీకి ప్రయత్నించాలని 9వ సెక్షన్‌లో కోర్టుకే బాధ్యత పెట్టారు. ఆ భయంలో నిజముంది. పది కేసులు వేసి ఒకటి ఉపసంహరించుకుంటూ బేరమాడించే పద్ధతి ఉన్నదే. దానికి మందు లాయరును వదులుకోవడం కాదు, ఫీజును ఆ బేరం నుంచి విడదీయడం. వచ్చే భరణంలో ఇంత శాతం అని అడిగే లాయరు దగ్గర లేచి రావాలి. గెలుపును బట్టి, వచ్చే సొమ్మును బట్టి ఫీజు తీసుకోవడం వృత్తి నియమాలకు విరుద్ధమని, అలాంటి ఒప్పందం చెల్లదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే. అంత ఖర్చు పెట్టలేమన్నది ఇంకో అభ్యంతరం. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, దానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఇద్దరికీ కలిపి ఒకే లాయరు చాలదా అని కూడా అడుగుతారు. పిటిషన్ దాఖలు చేయడానికి చాలు. కానీ ఇద్దరివాడైన లాయరు, ఈ షరతు నీకు నష్టం అని ఇద్దరిలో ఎవరికీ చెప్పలేడు. సంతకానికి ముందు ఒక్క గంట వేరే లాయరుతో ఆ కాగితం చదివించుకోవడం పెద్ద ఖర్చు కాదు.

ఇంత దూరం వచ్చాక ఆరు నెలల వ్యవధి దగ్గర నా మొదటి మాట నిలవడం లేదు. 2017 సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు ఆ గడువు తప్పనిసరి కాదంది. తొలి విచారణకు ముందే ఏడాదిన్నర విడిగా గడిచిపోయి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, బిడ్డ సంరక్షణ, మిగతా పేచీలన్నీ నిజాయితీగా తేలిపోయి, ఇంకా ఆగితే బాధ పెరగడమే తప్ప ఫలితం లేకపోతే, కోర్టు ఆ గడువును ఎత్తేయవచ్చు. తొలి విచారణ జరిగిన వారానికే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ షరతులు మళ్ళీ చదివితే వేగం లెక్క తేల్చినవారికి దక్కే హక్కుగా కనిపిస్తుంది. ఆరు నెలలూ ఫోన్ ఎత్తకుండా గడిపిన జంటను ఆ ఆరు నెలలు దేని నుంచీ కాపాడలేదు. అందుకని ప్రకటనల్లో త్వరగా అన్న మాట మీద నా కోపం తగ్గింది. లెక్క అడగకుండానే త్వరగా అన్నందుకు మాత్రం అలాగే ఉంది. రెండేళ్ళుగా వేరుగా ఉంటూ, ఇద్దరూ సంపాదించుకుంటూ, ప్రతి గ్రాము బంగారానికీ, ప్రతి నెల ఈఎంఐకీ ఎదురుగా పేరు రాసుకున్న జంటను ఇంకో ఆరు నెలలు ఆగమనడానికి నా దగ్గర కారణం లేదు. బిడ్డ వేసవి సెలవులు ఎవరి దగ్గర అన్న వాక్యం ఇంకా ఖాళీగానే ఉంటే మాత్రం, ఆ ఖాళీ నిండేదాకా పిటిషన్ తన బల్ల మీదే ఉంచుకుంటానని చెప్పగల లాయరు వాళ్ళకు కావాలి.