నక్షబాట మీద నలభై మిల్లీమీటర్లు

మా నాన్న తరం తొక్కిన నల్ల సైకిలు గుర్తుందా? అట్లాస్ కానీ, హీరో కానీ, హెర్క్యులస్ కానీ, టైరు పక్కన 28 × 1½ అని అచ్చు వేసి ఉండేది. ఒకటిన్నర అంగుళం అంటే దాదాపు నలభై మిల్లీమీటర్లు. ఇప్పుడు పెద్ద షోరూముకు పోయి, లక్ష రూపాయలకు పైన పలికే గ్రావెల్ (కంకర బాట) సైకిలు టైరు మీద ఏముందో చదవండి. 700 × 40 అని ఉంటుంది. వెడల్పు అదే. ముందు చక్రం కాస్త ముందుకు చాచినట్టుండే ఫ్రేము, రెండు చక్రాల మధ్య ఎక్కువ దూరం, గతుకుల్లో ఊగని నిలకడ, ఇవన్నీ ఆ పాత సైకిలుకూ ఉన్నాయి. వడ్ల మూట క్యారియర్ మీద, పిల్లవాడు ముందు బార్ మీద ఉండగా, మొరం బాటల్లో ఆ సైకిలు ఏళ్ల తరబడి చేసిన పనినే అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006 నుంచి పందెంగా నడుపుతున్నారు. ఎంపోరియా అనే చిన్న పట్నం నుంచి బయలుదేరి చెకుముకి రాళ్ల గుట్టల మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైగా తొక్కుతారు. ఆ వీడియోలు చూసినప్పుడల్లా నాకు మన ఊరి బాటలే కనిపిస్తాయి.

వెడల్పు టైరులో గాలి తక్కువ పెట్టాలి. తారు రోడ్డు మీద పరుగెత్తే సన్నటి టైరుకు ఎనభై, తొంభై పీఎస్ఐ గాలి కావాలి. నలభై మిల్లీమీటర్ల టైరుకు నా బరువుకు ముప్పై అయిదు చుట్టూ సరిపోతుంది. గట్టిగా గాలి కొట్టిన టైరు ప్రతి కంకర రాయికీ ఎగురుతుంది. అలా ఎగిరిన ప్రతిసారీ మన బలం కొంత పైకి పోతుంది, ముందుకు పోవలసింది తగ్గుతుంది. మెత్తటి టైరు రాయిని తనలోకి తీసుకుని దాటిపోతుంది. మా వరంగల్ సుబేదారిలో పొద్దున్నే సైకిలు బయటికి తీసి బొటనవేలితో టైరును నొక్కి చూసుకోవడం నాకు ఇష్టమైన పని. ఆ రోజు ఏ నేల మీదికి పోతున్నానో అక్కడే తేలుతుంది.

మా సుబేదారి నుంచి ఎటు పోయినా అరగంటలో తారు వదిలేయొచ్చు. ఈ పేట బస్సులు, కోచింగ్ సెంటర్లు, కలెక్టరేట్ రద్దీ చూసినవాళ్లకు ఆ మాట నమ్మకం కలగదు. నిజాం కాలంలో సుబేదారు కోసం కట్టిన బంగ్లా ఇప్పటికీ ఇక్కడుంది. దాని పునాది 1886 నాటిది. అప్పట్లో ఆ బంగ్లా గేటు దాటితే అంతా బండ్ల బాటలే అయి ఉంటాయి. ఇప్పుడు వాటి కోసం కొంచెం వెతకాలి.

తేలికైనది కాలువ గట్టు. హసన్‌పర్తి దారిలో చింతగట్టు దాకా పోతే ఎస్సారెస్పీ కాకతీయ కాలువ తగులుతుంది. 1963లో నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నీళ్లు, 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ లోయర్ మానేరులో ఆగి, అక్కడి నుంచి మళ్లీ మనవైపు వస్తాయి. మొదటి దశలో కాలువ పొడవు 284 కిలోమీటర్లు. దాని పక్కన గట్టు మీద మట్టిబాట ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లను నేను ముందు అక్కడికే తీసుకుపోతాను. నీళ్లు వాటంతట అవే నడవాలి కాబట్టి కాలువ గుట్టను ఎక్కదు, పల్లంలోకి దూకదు. దాదాపు ఒకే ఎత్తును పట్టుకుని నేల వంపు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. కాబట్టి గట్టు మీద ఎక్కుడు ఉండదు. ఊపిరి అందుతుంది, చూపు చేల మీద ఉంటుంది. యాసంగికి నీళ్లు వదిలిన రోజుల్లో మాత్రం లైనింగు అంచుకు దూరంగా ఉండాలి, ఆ వాలు సిమెంటు మీద జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

గట్టు దిగి చేలలోకి వెళ్తే అసలు విద్య మొదలవుతుంది. మన దగ్గర నేల కిలోమీటరుకో తీరుగా మారుతుంది. ఎర్ర చెల్కలో మొరం పరిచిన బాట అన్నిటికంటే సుఖం, టైరు కింద సన్నగా కరకరమంటూ సాగుతుంది. దుబ్బ వస్తే వెంటనే తేలిక గేరులోకి మారి, చేతులు వదులు చేసి, కాళ్లు ఆపకుండా తొక్కుతూ పోవాలి. హ్యాండిలును బిగించి పట్టుకుంటే ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. గుండ్రాళ్ల దిగుడులో వెనక్కి జరిగి కూర్చోవాలి, బ్రేకు రాళ్ల మీద కాదు, రాళ్లు రాకముందే వేసుకోవాలి. నల్లరేగడి వానలో తడిస్తే వాదన లేదు, దిగి నడవడమే. చక్రానికీ ఫోర్కుకూ మధ్య మట్టి పేరుకుని గట్టిపడితే సైకిలు కదలదు. ముళ్ల సంగతి వేరే చెప్పాలి. సర్కారు తుమ్మ ముల్లు రెండు అంగుళాల దాకా ఉంటుంది, పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ట్యూబు లేని టైరులో పోసే పాలలాంటి ద్రవం చిన్న రంధ్రాలను దానంతట అదే మూసేస్తుంది. అయినా నేను ఒక ట్యూబు, చేతి పంపు, ప్యాచీలు వెంట పెట్టుకుంటాను. దసరా దాటాక సంక్రాంతి దాకా ఉండే చలికాలం ఈ బాటలకు మంచి కాలం. వాన తేమకు మొరం గట్టిపడి ఉంటుంది, దుమ్ము లేవదు, కట్టల మీద తంగేడు, గునుగు ఇంకా వాడిపోయి ఉండవు.

ఖమ్మం రోడ్డు మీద మామునూరు దాటాక పున్నేలు క్రాస్ నుంచి ఐనవోలు (జనం నోట ఐలోని) వైపు పోయే ప్రాంతం నాకు అన్నిటికంటే ఇష్టం. సుబేదారి నుంచి ఎంతో దూరం కాదు, మధ్యాహ్నానికి ఇంటికి రావొచ్చు. ఒకసారి ఆ వైపు చెరువు కట్ట మీద బాట చేలలోకి పోయి మాయమైంది. గొర్లను ఆపుకుని నిలబడ్డ ఒక పెద్దాయనను అడిగాను.

“తాతా, ఐలోనికి గిట్ల బాట ఉన్నదా?”

“ఉండె బిడ్డా. పత్తి పెట్టిండ్రు, బాట కలిపేసుకున్నరు. మత్తడి కాడికెల్లి కిందికి దిగు. ఒర్రె దాటితె పాత బండ్ల బాట దొరుకుతది. అది మల్లన్న గుడి కాడికే పోతది.”

ఆయన చెప్పిన బాట ఉంది. ఆ రోజు నుంచి నేను ఫోను మ్యాపు కంటే మత్తడిని ఎక్కువ నమ్ముతున్నాను. దానికి కారణం ఉంది. కాకతీయుల నాటి చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు ఒర్రె వెంట కింది చెరువులోకి చేరతాయి. వానాకాలంలో లోయను అడ్డంగా దాటాలంటే ఎండిన, ఎత్తైన దారి చెరువు కట్ట ఒక్కటే, కాబట్టి బండ్ల బాట కట్ట మీదుగానే పోయింది. చాలాచోట్ల కట్ట చివర గుడి ఉంటుంది, గుడి పక్కన ఊరు. ఒక చెరువును పట్టుకుంటే తర్వాతి ఊరు దొరుకుతుంది. కారులో వచ్చేవాళ్లు గుడిని చూస్తారు. బాట వెంట వచ్చినవాళ్లకు ఆ గుడి అక్కడే ఎందుకుందో కనిపిస్తుంది.

కొండపర్తిలో గణపతిదేవుని సేనాని మల్యాల చౌండ 1203లో కట్టించిన త్రికూటాలయం ఉంది. కాలం చేతిలో బాగా దెబ్బతిన్నది. అక్కడ సైకిలు నల్లరాయికి ఆనించి కాసేపు కూర్చోవడం నాకు అలవాటు. పక్కనున్న ఐనవోలు మల్లన్న గుడి మాత్రం ఈ రోజుకీ నిండుగా బతికి ఉంది. నూట ఎనిమిది స్తంభాల గుడి, కాకతీయ తోరణాలు, మల్లన్నకు అటూ ఇటూ బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాకా సాగుతుంది. పట్నాలు వేస్తారు, ఒగ్గువాళ్లు డోలు కొడతారు. తారు రోడ్లు రాకముందు ఆ జాతరకు జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చిన దారులే నేను తొక్కుతున్నవి. లోతుగా పడ్డ బండి గాడి ఒక్కోచోట ఇంకా రాతి మీద కనిపిస్తుంది.

చర్చిల మాట కూడా ఈ బాటలతోనే ముడిపడి ఉంది. కాజీపేటలో ఫాతిమా మాత కథెడ్రల్ ఊరి మధ్యకు వచ్చేసింది. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. కథెడ్రల్ చుట్టూ ఇప్పుడు ఫాతిమానగర్ అంతా కాంక్రీటే. పల్లె దారిలో చేరుకోవలసిన చర్చి అంటే నా దృష్టిలో డోర్నకల్‌ది. వరంగల్ నుంచి రైలు పట్టాలకు అటూ ఇటూ నెక్కొండ, కేసముద్రం, మానుకోట, గుండ్రాతిమడుగు, గార్ల మీదుగా పోవాలి. రోజంతా పట్టే దూరం. మిరప, పత్తి, వరి చేల మధ్య నుంచి వచ్చి ఆ గోపురాలు చూడగానే ఒక క్షణం మసీదు అనుకుంటారు, ఇంకో క్షణం గుడి అనుకుంటారు. గుమ్మటాలు, మినార్లు, లోపల మండపంలో ఉన్నట్టు చెక్కిన రాతి స్తంభాలు. బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య కావాలనే అలా కట్టించారు. ఈ నేలలో మొలిచిన చర్చి ఈ నేల రూపంలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. ఈ ఎపిఫనీ కథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు, సమాధి ఆ చర్చి దగ్గరే ఉంది.

అజరయ్య తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ పదవి కాదు. ఆయన పల్లెలు తిరిగింది ఎడ్లబండి మీదా, సైకిలు మీదా. చాలాసార్లు భార్య అన్బు కూడా వెంట ఉండేవారు. మాల మాదిగ వాడలకు దారి పెద్ద రోడ్డు నుంచి ఉండదు, చేల గట్ల మీద నుంచి ఉంటుంది. ఆ బిషప్ ఆ గట్ల మీద సైకిలు నడిపారు. 1935 నాటికి ఆయన మేత్రాసనంలో రెండు వందల యాభై మంది భారతీయ గురువులు, రెండు వేల మందికి పైగా పల్లె ఉపాధ్యాయులు ఉండేవారు. వాళ్లలో ఎంతమంది ఏ దుబ్బ బాటల్లో నడిచి వాడవాడకూ చేరారో తలచుకుంటే, మెదక్ కథెడ్రల్ ఎత్తైన శిఖరం కంటే కూడా ఆ నడకే నాకు పెద్దదనిపిస్తుంది.

ఈ బాటలు తగ్గిపోతున్నాయి. ఊరికి తారు రోడ్డు రావాలి, అంబులెన్సు రావాలి, వడ్ల లారీ గడప దాకా రావాలి. దానికి అడ్డం చెప్పే ఆలోచన నాకు లేదు. నేనడిగేది వేరే బాట గురించి, చేలకూ చెరువుకూ మధ్య ఉన్నదాని గురించి. ప్రతి రెవెన్యూ గ్రామానికీ నక్ష ఉంది. అందులో బండ్ల బాటలు గీసి ఉన్నాయి. నక్షబాటను ఎవరూ పట్టా చేసుకోకూడదు. అయినా ఒకరు రెండు సాళ్లు కలుపుకుంటారు, పక్కవాడు ఇంకో రెండు, నాలుగేళ్లకు బాట పోయి గట్టు మిగులుతుంది. మొదట నష్టపోయేది సైకిలు తొక్కే నాలాంటివాడు కాదు. చివరి మడికి ట్రాక్టరు తోలుకుపోలేని చిన్న రైతు. ఇప్పుడు నాగ్‌పూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ రహదారి మన చేల మధ్య నుంచి పోతోంది. అది బండ్ల బాటను తెంచిన ప్రతిచోటా కింద దారి వదిలారా లేదా అన్నది ఇప్పుడే చూసుకోవాలి, తారు పడ్డాక చూసి లాభం లేదు.

ఇటలీలోని టస్కనీలో ద్రాక్షతోటల మధ్య ఇలాంటి తెల్ల మట్టి బాటలున్నాయి. వాటిని కూడా తారు మింగేస్తుందని 1997లో గయోలె అనే ఊళ్లో తొంభై రెండు మంది పాత సైకిళ్ల మీద ఆ బాటల్లో తొక్కారు. లెరోయికా అని దానికి పేరు. ఇప్పుడు వేల మంది వస్తారు, 2007 నుంచి ఆ బాటల మీదే సియెనా నగరం నడిబొడ్డున ముగిసే పెద్ద పందెం జరుగుతోంది. ఆ బాటలను ఇప్పుడు అక్కడి ఊళ్లే కాపాడుకుంటున్నాయి. మన దగ్గర ద్రాక్షతోటల బదులు కాకతీయ చెరువులున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఎన్నో కట్టలకు మళ్లీ మట్టి పోసి బలపరిచారు. ఆ కట్టల మీద, కాలువ గట్ల మీద ఏటా వానలు తగ్గాక ఒకసారి గ్రేడర్ తిప్పి, కోసుకుపోయిన చోట మొరం పోస్తే చాలు. సిమెంటు అక్కర్లేదు. గ్రామసభలో నక్ష తెరిచి బాటల హద్దురాళ్లు ఎక్కడున్నాయో చూస్తే ఇంకా మంచిది.

వచ్చే జనవరి 6 నాటికి డోర్నకల్ చేరేలా బయలుదేరాలని సుబేదారిలో కొందరం అనుకుంటున్నాం. కేసముద్రం దాకా మట్టిబాటలు దొరికాయి. అక్కడి నుంచి గార్ల వరకు చెరువు కట్టల మీదుగా దారి తెలిసినవాళ్లు, ముఖ్యంగా ఏ మత్తడి దగ్గర దిగాలో తెలిసినవాళ్లు, ఈ పత్రిక చిరునామాకు ఒక ఉత్తరం రాయండి.