కోలుకోవడం కూడా కథా వస్తువే

మన కథల్లో, సినిమాల్లో చాలావాటికి కేన్సరంటే చావు మాత్రమే. 1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’ చూడండి. తనకు కేన్సరని తెలిసిన కథానాయకుడు ఆ సంగతి దాచి, ప్రేయసి తనను అసహ్యించుకునేటట్లు నటించి, చివరకు చనిపోతాడు. ప్రేక్షకుడు ఏడ్చి, గుండె బరువు దించుకుని యింటికి పోతాడు. ఆ కన్నీటిని నేను తప్పుపట్టను. కాని రోగాన్ని త్యాగానికి సాధనం చేసే యీ పద్ధతిలో రోగి మనస్సుకు చోటు తక్కువ. బతికి బయటపడినవారి మనస్సుకు అసలే లేదు.

అట్లా బయటపడినవారు మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు ఆపరేషను కొంత అందుబాటైంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కేన్సరు విభాగం కట్టించింది. రొమ్ముకు ఆపరేషను చేయించుకుని వూరు చేరిన ఒక కూలి స్త్రీని తలచుకోండి. చంకలోని గ్రంథులు తీసివేస్తే ఆ చేయి వాచే ప్రమాదం వుంటుంది. దానికి గాయం తగలకుండా చూసుకోవాలి. పత్తి తీసే చేతిని గుల్ల మొన గీరకుండా వుంటుందా? మిరప కల్లంలో టిక్కీ ఎత్తకుండా గడుస్తుందా? ఆసుపత్రి లెక్కలో ఆమె నయమైన మనిషి. మేస్త్రీ లెక్కలో అరకూలి. పరీక్షకు పోయే ముందు రాత్రి ఆమెకు రెండు భయాలు: రోగం తిరగబెట్టిందేమోనన్నది ఒకటి, తిరగబెట్టకపోతే ఎట్లా బతకాలన్నది రెండవది.

ఈ రెండవ భయం సినిమా నాయకుడికి వుండదు. దాని మూలం కూలి వ్యవస్థలో వున్నది. అందుచేత దీనిని వ్యక్తిగత వేదనగా పక్కకు నెట్టడం భౌతికవాదం అనిపించుకోదు.

దేవులపల్లి కృష్ణశాస్త్రి విషాదాన్ని అభ్యుదయ విమర్శ చాలాకాలం నిలదీసింది. 1960లలో గొంతు కేన్సరు ఆయన మాటను తీసుకుపోయింది. చెప్పదలచినది కాగితం మీద వ్రాసి చూపుతూనే ఆయన సినిమాలకు పాటలు వ్రాశాడు. 1976 నాటి ‘అమెరికా అమ్మాయి’లో తెలుగు పాటను కొనియాడే గీతం ఆయనదే. ఊహాదుఃఖానికి పేరుపడ్డ కవి నిజమైన నష్టం వచ్చినప్పుడు పని మానలేదు. అయితే ఆయన పనిముట్టు కలం. కలానికి గొంతు అక్కరలేదు. పత్తిచేనికి మాత్రం చేయే కావాలి.

కోలుకోవడం అందరికీ ఒకటి కాదు. ఆ తేడాయే మన రచయితలకు వస్తువు. ఆమె చావును వ్రాయడం సులభం. ఆమె మళ్ళీ చేలో దిగిన మొదటి రోజును వ్రాయవలసి వున్నది.