దిశ బిల్లులోని బహిరంగ రిజిస్టరు: పోలవరం మన్యం వైపునుంచి పరిశీలన

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న ఆమోదించిన దిశ బిల్లుపై చర్చ అధికభాగం 21 పనిదినాల గడువు, మరణశిక్షల చుట్టూనే తిరిగింది. మహిళలపై, పిల్లలపై నేరాలు చేసినవారి వివరాలను బహిరంగ రిజిస్టరులో ఉంచాలన్న ప్రతిపాదన అంతగా విమర్శకు లోనుకాలేదు. కేంద్రం 2018లో నెలకొల్పిన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ దర్యాప్తు సంస్థలకే పరిమితం; ఆ హద్దును దిశ బిల్లు చెరిపివేయదలచింది. బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం లభించలేదు. తొలి దిశ పోలీస్ స్టేషన్ మాత్రం 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో ప్రారంభమైంది.

ఇంతకీ ఆ రిజిస్టరులోకి ఎక్కే నేరస్థుడెవరు? 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారి సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. పోలవరం మన్యంలోని కోయ, కొండరెడ్డి గూడేలలో ఇది కేవలం పుస్తకచర్చ కాదు. ఇష్టపడినవానితో లేచిపోయి కాపురం పెట్టిన 17 ఏళ్ల పిల్ల గర్భిణిగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిందనుకుందాం. 19వ సెక్షను ప్రకారం వైద్యులు పోలీసులకు తెలపాలి. పెళ్లయిందన్న వాదం 2017 నాటి ఇండిపెండెంట్ థాట్ తీర్పు తరువాత చెల్లదు. పైగా గర్భం రావడమే 5వ సెక్షను కింద నేరతీవ్రతను పెంచుతుంది. 2019 సవరణతో దానికి కనీస శిక్ష 20 ఏళ్లు. బలాత్కారానికీ ఈ కాపురానికీ తేడా కనిపించినా, ఆ కనీసం కంటే తగ్గించే అధికారం న్యాయమూర్తికి లేదు. ఈ భయంతో గర్భిణి ఆసుపత్రికే రాకపోతే నష్టపోయేది చట్టం కాపాడదలచిన ఆ పిల్లే.

అట్లని ఆచారాన్ని అడ్డుపెట్టుకోవడమూ సరికాదు. ఈ తెగల వివాహరీతులను నమోదు చేసిన మానవశాస్త్ర రచనలలో లేచిపోవడంతోపాటు పిల్లను ఎత్తుకుపోవడమూ కనిపిస్తుంది. ఎత్తుకుపోయిన పిల్ల ఏమన్నదో అవి అరుదుగానే అడిగాయి. సమ్మతి వయసును 18గానే ఉంచుతూ, 16–18 ఏళ్ల మధ్యవారి కేసులలో శిక్ష విషయంలో మార్గదర్శకాలతో కూడిన విచక్షణ ఇవ్వాలన్న 283వ లా కమిషన్ నివేదిక (2023) ఈ రెంటి నడుమ దారి వెతికింది. కాని ఆ విచక్షణ అందేది అరెస్టు, రిమాండు, వాయిదాలు అన్నీ గడిచాకనే.

బహిరంగ రిజిస్టరుకు ఆ మాత్రపు విచక్షణ కూడా లేదు. పోక్సో 23వ సెక్షను బాధిత బాలల గుర్తింపును మీడియా వెల్లడించకుండా నిషేధిస్తుంది. ముప్పై గడపల గూడెంలో నేరస్థుని పేరు బయటపడితే బాధితురాలి పేరు వేరుగా చెప్పనక్కరలేదు. అతడు తండ్రో బాబాయో అయితే మరీను. ప్రాజెక్టు ముంపువల్ల పునరావాస కాలనీలకు చేరిన కుటుంబాల సంగతి ఇంకొకటి: అక్కడి కొత్త పొరుగువారికి ఆ పిల్ల గురించి మొదట తెలిసేది ఆ రిజిస్టరు ద్వారానే కావచ్చు.