బొగ్గు గొప్పా? బుద్ధి గొప్పా?

పారిశ్రామిక విప్లవము మొదట ఇంగ్లండులోనే ఎందుకు వచ్చినది? చైనాలో సిరిసంపదలకు, చేతిపనులకు పేరుగాంచిన యాంగ్‌ట్సీ నదీముఖ ప్రాంతమున ఎందుకు రాలేదు? కెన్నెత్ పొమెరాంజ్ తన ‘ది గ్రేట్ డైవర్జెన్స్’ (2000) అను గ్రంథమున బొగ్గుగనులున్న చోటును, సముద్రమున కావలి భూములను కారణముగా చూపినాడు. జోయెల్ మోకిర్ ‘ఎ కల్చర్ ఆఫ్ గ్రోత్’ (2016)లో ఐరోపా పండితుల భావసంస్కృతిని చూపినాడు. రెండును చదువదగినవే. ఒక్క యంత్రముపై పరీక్షించినచో వాటి బలాబలములు తేటపడును.

1712లో థామస్ న్యూకొమెన్ అను ఇనుప సామానుల వర్తకుడు, డడ్లీ సమీపమున బొగ్గుగనిలోని నీరు తోడుటకు ఆవిరి యంత్రమును నిలిపెను. అది మహా తిండిపోతు. మండిన బొగ్గులోని శక్తిలో నూటికి ఒక పాలైనను పనిగా మారెడిది కాదు. గనిముఖముననే అమ్ముడుపోని పొడిబొగ్గు దొరకుటచేత గదా అది బ్రతికినది! చైనా గనులు వాయవ్యమున, యాంగ్‌ట్సీ నిపుణులకు బహుదూరమున ఉండెను. పైగా అక్కడి గనులలో బాధ నీటిది కాదు, నిప్పుది. కావలసినది గాలి ఆడుటయే గాని నీరు తోడుట కాదు. పొమెరాంజ్ గ్రంథమునకు ఈ పరిశీలనయే ఆయువుపట్టు.

అయితే జర్మనీలోని రూర్ లోయలోను బొగ్గు కలదు. అక్కడ పరిశ్రమలు 19వ శతాబ్ది నడుమగాని విజృంభింపలేదు. బొగ్గు తనంతట యంత్రమును కనదు. న్యూకొమెన్ యంత్రమున ముషలకమును క్రిందికి నెట్టినది ఆవిరి కాదు, గాలి బరువు. ఆవిరి చల్లబడి శూన్యమేర్పడగా వాతావరణ పీడనము దానిని దించెడిది. గాలికి బరువున్నదని తేల్చినవాడు ఇటలీలోని టోరిసెల్లి; ఆ బలమును గుర్రములచే లాగించి చూపినవాడు జర్మనీలోని గెరికె; 1690లో ఆవిరితో శూన్యము కల్పించి ముషలకమును దించవచ్చునని వ్రాసినవాడు ఫ్రాన్సులో పుట్టిన పాపెన్. ఇక్కడ మోకిర్‌ది పైచేయి.

కాని ఈ విద్య ఐరోపాకంతకు ఉమ్మడి సొత్తు. మరి యంత్రము ఇంగ్లండుననే ఏల నిలిచెను? మోకిర్ దీనికి 2009 నాటి మరియొక గ్రంథములో, ఇంగ్లండు యంత్రపనివారి నైపుణ్యమే కారణమనెను. నైపుణ్యమును కూడ సంస్కృతిలో చేర్చినచో ఆ మాట దేనినైనను పట్టు సంచి యగును. భూగోళవాదమును పటము పరచి సరిచూడవచ్చును. ఈ వాదమునకు అట్టి కొలబద్ద సులభముగా దొరకదు.

చవక బొగ్గు వాదమును సరిచూచుటకు కార్న్‌వాల్ మంచి తావు. అక్కడ తగరము, రాగి గనులు కలవు, బొగ్గు లేదు; ఓడలపై తెప్పించుకొనవలసినదే. పరికరముల పనివాడైన జేమ్స్ వాట్ 1769లో పేటెంటు పొందిన పొదుపరి యంత్రమును ఆ గనులవారే ఆత్రముతో కొనిరి. మిగిలిన బొగ్గు విలువలో మూడవ వంతు వాట్ భాగస్వాములకు చెల్లించిరి.