డేటాబేస్ ఒక చోట, డ్రైవర్ మరో చోట

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ సోర్స్ కోడ్‌తో ఇప్పుడు వచ్చే క్లయింట్ లైబ్రరీలు రెండే: సీ భాషకు లిబ్‌పీక్యూ, సీ ప్రోగ్రామ్‌లోనే ఎస్‌క్యూఎల్ రాసుకోవడానికి ఈసీపీజీ. ఒకప్పుడు పెర్ల్, పైథాన్, జావా (జేడీబీసీ), ఓడీబీసీ డ్రైవర్లు కూడా ఆ మూటలోనే ఉండేవి. 2000ల తొలి సంవత్సరాల్లో వాటిని ఒక్కొక్కటిగా వేరే ప్రాజెక్టులు చేశారు.

ఇలా విడిగా ఉండటంలో లాభం ఉంది. డేటాబేస్ పెద్ద వెర్షన్ ఏడాదికొకటి వస్తుంది. పైథాన్‌లో ఏదైనా మారితే డ్రైవర్ అంతకాలం ఆగక్కర్లేదు. జావావాళ్లకు మావెన్, పైథాన్‌వాళ్లకు పిప్, పెర్ల్‌వాళ్లకు సీప్యాన్: ఎవరి డ్రైవర్ వాళ్లకు అలవాటైన చోటే దొరుకుతుంది.

డ్రైవర్‌కూ సర్వర్‌కూ మధ్య ఒప్పందం ప్రోటోకాల్. 2003లో వెర్షన్ 7.4తో వచ్చిన మూడో ప్రోటోకాలే ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి, పాత డ్రైవర్లు కొత్త సర్వర్‌తో చాలావరకు పనిచేస్తాయి. చిక్కు లాగిన్ దగ్గర వచ్చింది. స్క్రామ్ పాస్‌వర్డ్ పద్ధతి 2017లో వెర్షన్ 10తో వచ్చి, 2021లో వెర్షన్ 14తో డిఫాల్ట్ అయింది. దాంతో పాత జేడీబీసీ డ్రైవర్లు ‘అథెంటికేషన్ టైప్ 10’ తెలియదంటూ ఆగిపోయాయి. ఆ 10 సర్వర్ వెర్షన్ కాదు, ప్రోటోకాల్‌లోని ఒక కోడ్. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, మార్చాల్సింది డ్రైవర్‌ని.

డ్రైవర్లలో రెండు రకాలున్నాయి. జేడీబీసీ డ్రైవర్ ప్రోటోకాల్‌ను నేరుగా జావాలోనే అమలు చేస్తుంది కాబట్టి జార్ ఫైలు ఉంటే చాలు. పైథాన్‌లోని సైకోపీజీ2, పెర్ల్‌లోని డీబీడీ-పీజీ మాత్రం లిబ్‌పీక్యూ మీద ఆధారపడతాయి. వాటిని కంపైల్ చేయాలంటే సీ కంపైలర్, హెడర్ ఫైళ్లు, పీజీ-కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్ ఉండాలి. డెబియన్, ఉబుంటుల్లో నడపడానికి లిబ్‌పీక్యూ5, కంపైల్ చేయడానికి లిబ్‌పీక్యూ-డెవ్ అని ప్యాకేజీలు వేరువేరు. ఈ రెండోది లేకే చాలామందికి ‘పీజీ-కాన్ఫిగ్ నాట్ ఫౌండ్’ అన్న ఎర్రర్ ఎదురవుతుంది. దీనికోసం సర్వర్ మొత్తం ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు.

ఈ తిప్పలు లేకుండా సైకోపీజీ2-బైనరీ అనే ప్యాకేజీ లిబ్‌పీక్యూను, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తనలోనే పెట్టుకుని వస్తుంది. కానీ సిస్టమ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు భద్రతా అప్‌డేట్ వేసినా, ఈ ప్యాకేజీలోని కాపీ పాతదిగానే ఉండిపోతుంది. అందుకే నేర్చుకోవడానికి, పరీక్షించడానికి బైనరీ వాడి, ప్రొడక్షన్‌లో సోర్స్ నుంచి కంపైల్ చేసుకోమని ఆ ప్రాజెక్టు డాక్యుమెంటేషనే సలహా ఇస్తుంది. లైబ్రరీని లోపల పెట్టి ఇచ్చేవాళ్లు దాని అప్‌డేట్ల భారం కూడా మోయాల్సిందే.